పిల్‌బీమ్ గారి వెంట్రుక

డైరెక్టరు బెర్ట్రమ్ పిల్‌బీమ్ గారి తల మీద భూతద్దం పెట్టి వెతికినా ఒక్క వెంట్రుక దొరకదు. కానీ ఆయన ఎక్కడ షూటింగు చేసినా, కెమెరాలో మాత్రం ఆయన వెంట్రుక దొరికి తీరుతుంది. లండన్‌లో పాటల వీడియోలూ వ్యాపార ప్రకటనలూ తీసేవాళ్లలో ఈ వింత తెలియనివాళ్లు లేరు.

ఆ వెంట్రుకతో నానా పాట్లూ పడింది గ్లెనిస్ ప్రొథరో. కార్డిఫ్ నుంచి వచ్చిన కెమెరా అసిస్టెంటు. షాటు అవగానే కెమెరా తెరిచి, ఫిల్ము నడిచే సందులో దుమ్మేమైనా చేరిందేమో టార్చి వేసి చూడటం ఆవిడ పని. అక్కడ నలుసంత వెంట్రుక ఉన్నా తెర మీద మోకులా కనబడుతుంది, మళ్లీ తీయాల్సిందే. అందుకని ఆవిడ కెమెరాను చంటిపిల్లకు నీళ్లు పోసినంత శ్రద్ధగా తుడుచుకునేది.

"శుభ్రంగా ఉందండీ!" అని ఆవిడ అనేలోపే పిల్‌బీమ్ గారు ఊడిపడేవారు.

"ఏదీ, నన్ను చూడనీ అమ్మాయ్... అయ్యయ్యో, వెంట్రుక!"

"ఎక్కడండీ?"

"ఇదిగో!" రెండు వేళ్లతో ఏదో పట్టుకున్నట్టు పట్టుకుని దులిపేసేవారు. "నాదే. వెధవ జుట్టు! అందరూ క్షమించాలి. ఇంకొక్కసారి."

లైట్ల వెనకనుంచి ఎవరో ఒకరు "దువ్వెన తెమ్మంటారా?" అని అరిచేవారు.

గ్లెనిస్ ఆయన దగ్గర చేరిన మొదటి రోజు క్రోయ్‌డన్‌లో ఒక పాత గిడ్డంగిలో పాట తీస్తున్నారు. పాటను రెండింతల వేగంతో వినిపిస్తుంటే టెరెన్స్ అనే కొత్త గాయకుడు అంతే వేగంగా పెదవులు కదపాలి. తర్వాత నెమ్మది చేస్తే గాల్లో తేలుతున్నట్టు ఉంటుందని పిల్‌బీమ్ గారి ఉపాయం. టెరెన్స్‌కి రెండో చరణం దగ్గర నోరు తిరగలేదు. ముఖం కందగడ్డయింది.

"ఒరేయ్, నీ పాట నీకే రాదట్రా!" అని డ్రమ్ములు వాయించేవాడు పగలబడి నవ్వాడు.

"ఆపండి! వెంట్రుక!" అన్నారు పిల్‌బీమ్ గారు.

అలా ఏడుసార్లు. ఎనిమిదోసారికి పాట కుదిరింది గానీ, గ్లెనిస్ భోజనాల బండి వెనక నిలబడి, చేతిలోని బేకన్ రొట్టె తినకుండానే ఏడ్చింది. తర్వాత ధైర్యం చేసి అడిగేసింది.

"గురువుగారూ, కెమెరాలో వెంట్రుక పడిందంటే పోయేది నా పరువు."

"నీ పరువెందుకు పోతుందమ్మా? నా వెంట్రుకేనని చెబుతున్నాగా."

"మీకు జుట్టెక్కడుందండీ?"

"అదేగా నేనూ చెప్పేది. అంతా రాలిపోతోంది!"

పరువు పోనే పోయింది. ఊళ్లో ఆవిడకు వెంట్రుకల గ్లెనిస్ అని పేరు పడింది. ఇరవయ్యేళ్లు ఆయన దగ్గరే పనిచేసింది, ఇరవయ్యేళ్లూ ఆ పేరు మోసింది. చుట్టూ అందరూ డిజిటల్ కెమెరాలకు మారినా పిల్‌బీమ్ గారు ఫిల్మునే పట్టుకు వేలాడారు. చివరికి ఒక బిస్కట్ల కంపెనీ ససేమిరా అనడంతో ఆయనా దిగిరాక తప్పలేదు. డిజిటల్ కెమెరాలో ఫిల్మూ లేదు, సందూ లేదు. పీడా విరగడైందని గ్లెనిస్ ఆ పూట పబ్బులో తన డబ్బులతో తనే పండగ చేసుకుంది.

ఆ బిస్కట్ల ప్రకటనలో తాత వేషానికి ఆంబ్రోస్ టటిల్ గారు వచ్చారు. డెబ్బై తొమ్మిదేళ్ల నాటకాల మనిషి. నాలుగేళ్లుగా ఎవరూ పిలవలేదు. ఒకే ఒక్క మాట చెప్పాలి: "ఇలాంటి బిస్కట్టు మా అమ్మ కూడా చేయలేదు, కానీ ఆవిడతో అనకండి!" మొదటిసారి బిస్కట్టును కేకు అన్నారు. రెండోసారి అమ్మ దగ్గర ఆగిపోయారు. మూడోసారి కప్పు ఒలికి టీ అంతా సాసర్లో పడింది.

కంపెనీ తరఫున వచ్చిన ఫిలిప్పా గట్టిగానే అంది: "ఈయన వల్ల కాదు. ఇంకొక్కసారి తప్పితే ఇంటికి పంపేద్దాం. పక్కగదిలో ఇంకో తాత రెడీగా ఉన్నాడు."

ఆ మాట ఆంబ్రోస్ గారి చెవిన పడింది. నాలుగోసారి "ఇలాంటి..." తర్వాతి మాటే మర్చిపోయారు.

"ఆపండి! వెంట్రుక!"

సౌండాయన వంగి బూటు తాడు కట్టుకోసాగాడు. ఆయన బూట్లకు తాళ్లే లేవు.

"వెంట్రుకేమిటి? తప్పింది ఆయనైతే!" అంది ఫిలిప్పా.

"నేను చెయ్యెత్తడం చూసి పాపం తడబడ్డారు. ఇది లెక్కలోకి రాదు," అన్నారు పిల్‌బీమ్ గారు.

ఫిలిప్పా గ్లెనిస్ వైపు తిరిగింది. "కెమెరా మీదేగా. నిజమేనా?"

గ్లెనిస్‌కి అప్పుడు వెలిగింది. టెరెన్స్ ముఖం కళ్లముందు మెదిలింది. ఇరవయ్యేళ్లలో ఎవరో ఒకరు తడబడితే తప్ప ఆ వెంట్రుక ఏనాడూ పడలేదు. తను కెమెరాలోకే చూస్తూ కూర్చుంది గానీ మనుషుల వైపు చూడలేదు. ఇప్పుడు లేదని ఒక్క మాట అంటే చాలు, ఇరవయ్యేళ్ల మచ్చ పోతుంది, ఎదురుగా ఆ ముసలాయన ఇంటికి పోతాడు. పిల్‌బీమ్ గారు ఆవిడ వైపు చూడకుండా బట్టతల నిమురుకుంటున్నారు. ఆయన మీద ఆవిడకి చచ్చేంత కోపమూ వచ్చింది, పట్టలేనంత ప్రేమా వచ్చింది.

టార్చి వెలిగించి, వంగి, చాలాసేపు చూసింది.

"ఉందండీ," అంది. "ఒకటి కాదు, రెండు. బారెడేసి ఉన్నాయి."

ఐదోసారి ఆంబ్రోస్ గారు ఆ మాట ఎంత కమ్మగా చెప్పారంటే, ఫిలిప్పా కూడా నవ్వేసింది.

టీల వేళ ఆంబ్రోస్ గారు గ్లెనిస్‌ని పక్కకు పిలిచారు. "అమ్మా, నేను చెప్పానని అనకు. మీ డైరెక్టరుగారు మంచివారే గానీ, పనిలో బొత్తిగా శుభ్రం లేదు. ఆయన వెంట్రుకల గొడవ లేకపోతే నా మాట నేను ఎప్పుడో చెప్పేసేవాణ్ణి."

"నేనూ అదే మొత్తుకుంటున్నానండీ," అంటూ గ్లెనిస్ ఆయన కప్పులో ఇంకాస్త టీ పోసింది.