బోర్లించిన సోల

ఇది గత జూలై పదకొండు, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకు మొదలైంది. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అటువంటివి నమ్మడం నాకు చిన్నతనంగా ఉండేది.

పాతబస్తీలో పాత ఫోటోలు భద్రపరిచే ఒక చోట నాకు తాత్కాలిక ఉద్యోగం. తెల్లదొరల కాలపు పోస్టుకార్డులను స్కాన్ చేసి, వాటి మీది ఇంగ్లీషు వ్యాఖ్యలను ప్రదర్శన కోసం తెలుగులో రాయాలి.

ఆ రోజు నా చేతికొచ్చిన కార్డులో ఒక పాలమ్మే స్త్రీ ఉంది. వెనుక ఎత్తు కొలిచే గీతల తెర. సంతలో పశువును చూపినట్టు ఆమెను పక్కకు తిప్పి నిలబెట్టారు. చేతిలో పాలు కొలిచే సోల బోర్లించి ఉంది. కింద వ్యాఖ్య: "గిన్నె పట్టుకోవడమైనా తెలియని మందబుద్ధి జాతి."

మాదీ జల్‌పల్లిలో పాల వ్యాపారమే. ఇంట్లో ఎవరైనా పోతే దినాలయ్యే వరకు మేము పాలు అమ్మము. గడపలో సోల బోర్లిస్తాము. వచ్చినవారు చూసి వెనుదిరుగుతారు. దినాలయ్యాక వేరే సోలతో అమ్మకం మొదలుపెట్టాము గానీ, నానమ్మ పోయి ఏడాదైనా ఆమె సోల అలాగే బోర్లించి ఉంది. "ఎత్త బుద్ధయితలేదు బిడ్డా" అంటుంది అమ్మ. ఆధార్ కార్డు మీది మసక ముఖం తప్ప మాకు నానమ్మ ఫోటో లేదు.

స్కాన్ చేసి, ఆ వ్యాఖ్యను పక్కన పెట్టి ఇలా రాశాను: "ఈమె సోల బోర్లించింది. ఇంట్లో ఎవరో పోయారు. ఈ రోజు పాలు అమ్మదు." ఎవరు పోయారని ఆమెను ఫోటో తీసినవారు అడిగి ఉండరు. నానమ్మను తలచుకుంటూ చాలాసేపు ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. గదిలో పచ్చిపాల నురగ వాసన వచ్చింది.

మా సెక్షన్ పెద్ద ఫరీద్ భాయ్ ఛాయ్‌తో వచ్చి, నేను రాసింది చదివి, కార్డు అందుకున్నాడు.

"ఏం మియా, గిట్ల రాసినవ్? గీమె సోల సీదానే పట్టుకున్నది గదా."

చూశాను. కార్డులో సోల నిలబడి ఉంది. కంప్యూటరులో, అంతకు ముందు నేను చేసిన స్కాన్‌లో బోర్లించే ఉంది. కార్డు మూలన ఉన్న మరక రెండింటిలోనూ ఒకటే.

ఫరీద్ భాయ్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "మీ పాలోళ్ల ముచ్చట మీకే ఎరుక. నువ్వు రాసిందే ఉండనియ్" అన్నాడు.

దీనికి కారణం నాకు నేటికీ తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నానమ్మ సోలను నిలబెట్టాను. అమ్మ వద్దనలేదు. మరునాటి నుంచి దానితోనే పాలు కొలుస్తున్నాము.