రాతికట్టెల మీద కోడికూర

ఒక్క కోడికూర కోసం మా ఆయన ముచ్చటను పొయ్యిలో పెట్టి, కిరసనాయిలు పోసి మరీ అంటించబోయిన ఇల్లాలిని నేను. ఎలాగో చెబుతాను, నవ్వినా ఏమీ అనుకోను.

పెళ్ళై ఖిదిర్‌పూర్ వచ్చిన తొలి చలికాలం. మా ఆయన అక్కడి ఓడల డాక్‌లో గుమాస్తా. పిచ్చి మాత్రం రాళ్ళది. బిష్ణుపూర్ గుళ్ళు చూపిస్తానని వ్యాను మాట్లాడి, నన్నూ అత్తగారినీ ఎక్కించుకుని, దారిలో గడ్‌బేతా దగ్గర ఆపించారు. అక్కడ శిలాబతి నది ఒడ్డున ఎర్రనేల కోసుకుపోయి, ఎడారిలాంటి లోయలు. ఎప్పటివో చెట్లు రాళ్ళుగా మారి ఆ మట్టిలో దొరుకుతాయట. దారి పొడుగునా ఆయన అదే చెప్పారు. నేనేమో మాటమాటకీ కదిలే ఆయన మీసాన్నే చూస్తూ కూర్చున్నాను. కొత్త పెళ్ళికూతురికి చెట్ల సంగతి ఎక్కుతుందా, మీరే చెప్పండి.

ఆయన రాళ్ళ వేటకి లోయలోకి దిగిపోయారు. అత్తగారు మొదటిసారి నా చేతి కోడికూర తింటానన్నారు. తీరా చూస్తే కట్టెల మోపు ఇంటి గుమ్మంలోనే మరిచిపోయి వచ్చాను. ఆవిడకి తెలిసేలోగా నాలుగు పుల్లలు ఏరుకొద్దామని కొంగు బిగించి, ఎర్రదుమ్ములో జారుకుంటూ కాలిబాట పట్టాను. ఒక మలుపులో దుంగముక్కలు కనిపించాయి. చారలు చారలుగా, చక్కటి కర్ర. బరువుగా ఉంటే పచ్చిదనుకున్నాను.

ముక్కల్ని మోసుకొచ్చి, పొయ్యిలో పేర్చి, కిరసనాయిలు చల్లి అగ్గిపుల్ల గీశాను. కిరసనాయిలు మండింది, ఆరింది. కర్ర మాత్రం పెళ్ళిలో అలిగిన బావగారిలా కదలలేదు. ఊది ఊది నా బుగ్గలు సన్నాయివాడి బుగ్గలయ్యాయి.

“ఏటే, ఇంకా అంటుకోనేదేటి?” అన్నారు అత్తగారు.

“కట్టెలు పచ్చిగున్నాయత్తా,” అని సీసాలో మిగిలింది కూడా పోసేశాను.

అప్పుడే మా ఆయన వచ్చారు. మోకాళ్ళు దోక్కుపోయి, చేతులు ఖాళీగా. ఒక్క ముక్కా దొరకలేదని చెబుతూ చతికిలబడి, పొయ్యి వైపు చూశారు. గరిటెతో ఒక ముక్కని బయటికి లాగి, జేబురుమాలుతో మసి తుడిచి, చారల మీద వేలితో రాశారు. ఆయన వెతుకుతున్నది ఏమిటో నాకప్పుడు తెలిసింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

“ఏడవకే,” అన్నారు మెల్లగా. “ఇది మండాలంటే నువ్వు లచ్చల ఏళ్ళ ముందే రావాల.”

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పూట డ్రైవరన్న పెట్టిన మూడీ, అంటే మరమరాలు, పచ్చిమిర్చి నంజుకుని తిన్నాం. ఆ రాయిని ఆయన ఇంట్లో కిటికీలో పెట్టుకున్నారు. ఎవరొచ్చినా “మా ఆవిడ కనిపెట్టినాది” అని చూపించేవారు. దాని మీద మిగిలిన మసిని మాత్రం నన్ను కడగనివ్వలేదు.

శిలాబతి సాక్షిగా ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను, కొట్టి చూసి, గీకి చూసి, మా ఆయనకి చూపించి గానీ ఏ కట్టెనీ పొయ్యిలో పెట్టనని. ఆ వెంటనే ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది కాబట్టి, ఈనాటిదాకా మాట తప్పలేదు.