నా యూరియా తిన్న దొంగలు

మొన్న నేను దొంగలను పట్టుకున్న. ఒకరిద్దరిని కాదు, కోట్లమందిని! పట్టుకున్నందుకు నా పరువే పోయింది, అది వేరే సంగతి.

మా మర్రిగూడ దిక్కు వాన పడుడే గగనం. ఈసారి పడ్డదంటే, నా పత్తిచేన్ల బాతులు ఈదొచ్చు! యూరియాకు పొద్దుగాల్నే పోయి లైన్ల నా జాగల చెప్పులు పెట్టిన. నా చెప్పులను చూసి ముందటి చెప్పులు పక్కకు జరిగినయి, నమ్ముర్రి. రెండు బస్తాలు తెచ్చి నిలిచిన నీళ్లలనే ఒక్క పూటల చల్లిపారేసిన.

పక్క చేను నా బామ్మర్ది లింగయ్యది. గట్టు మీదికెళ్లి ఒర్రిండు: "నీళ్లు తియ్యకుంటనే చల్లుతవా బావా?"

"పత్తికే ఎవుసం నేర్పినోణ్ణి, నాకు నేర్పుతవారా?" అన్న.

పది దినాలకు వాని చేను నిగనిగలాడుతాంది. నాదేమో పసుపు పూసుకున్నట్టయింది. కడుపు మండి వ్యవసాయ ఆఫీసర్ మేడంకు ఫోన్ కొట్టిన.

"మీ యూరియా దొంగలు తిన్నరు పెద్దాయనా! దూరపోళ్లు కాదు, అక్కడనే ఉంటరు. రేపొచ్చి చూపి..."

సిగ్నల్ కట్!

ఇంకేం చూపించాలె? కట్టె పట్టుకొని పోయిన. లింగయ్య హోటల్ల నలుగుర్ల కూసోని చాయ్ తాగుతున్నడు.

"నా యూరియా తిన్నవురా దొంగా!"

"యూరియా తిననీకి నేనేమన్న పత్తిచెట్టునా బావా?" అన్నడు గానీ మొఖం మాడిపోయింది. "ఇన్నేండ్లు గట్టు పంచుకున్నం. ఇగ నీ చేన్ల అడుగు పెడితే ఒట్టు."

ఇంటికొస్తే పొయ్యి మీద పిల్లి పండుకున్నది. "మా తమ్ముడు దొంగైతే దొంగ అక్క వండిన కూడు నీకెందుకు?" అన్నది మా యాదమ్మ.

తెల్లారి మేడం వచ్చింది. చేన్లకెళ్లి పిడికెడు బురద తీసి, "ఇగో దొంగలు" అన్నది.

"ఏడ?"

"సూక్ష్మజీవులు, కంటికి కనబడవు. నీళ్లు నిలిస్తే మట్టిల గాలి ఆడదు. అప్పుడు ఇవి, యూరియా మారితే వచ్చిన నైట్రేట్ తోనే ఊపిరి తీస్కుంటయి. దాన్ని గ్యాస్ చేసి పైకి ఇడుస్తయి. అండ్ల నైట్రస్ ఆక్సైడ్ ఉంటది. బండ్ల పొగల ఉండే కార్బన్ డయాక్సైడ్ కంటే వందల రెట్లు భూమిని ఉడకబెడతది."

నేను లైన్ల నిలబడి తెచ్చింది మొగులుకెక్కి, మళ్ల నా నెత్తినే కాలుస్తదా? కోపమొచ్చి బురదను కట్టెతోని ఎత్తి కొట్టిన. దొంగలకు ఏమైందో తెల్వదు, బురదంత నా మొఖాన్నే పడ్డది.

మేడం నవ్వు ఆపుకుంట, "దవాఖానల మత్తుకు ఇచ్చేది గూడ ఈ నైట్రస్ ఆక్సైడే. నవ్వుల గ్యాస్ అంటరు" అన్నది.

గట్టు అవతల లింగయ్య కడుపు పట్టుకొని కూలబడ్డడు. "ఏందిరా గట్ల నవ్వుతున్నవు, దొం..." నాలిక కరుచుకున్న.

"అను బావా, పూర్తిగ అను. అక్కకు ఫోన్ కొడత."

"తప్పయిందిరా" అన్న. ఎంత మెల్లగ అన్నంటే, సూక్ష్మజీవులకే వినబడ్డది.

"ఆఁ? వినబళ్లే!"

"తప్పయిందిరా బామ్మర్దీ!"

పక్కూరి పశువులు గూడ తలెత్తి చూసినయి. లింగయ్య ఒట్టు తీసి గట్టు మీద పెట్టి, పార పట్టుకొని చేన్లకు దిగిండు. "జరుగు, నీళ్లు బయటికి ఇడువనియ్యి" అన్నడు.

రెండు బస్తాలు చల్లి ఈ ఏడు నేను పండించింది నవ్వుల గ్యాసు. ఊరంత పీల్చింది. నాకొక్కనికే నవ్వొస్తలేదు!