ఉప్పలమ్మ నడిచిన నలభై అడుగులు

మత్తయ్య డెబ్బై దాటాక కూడా, సూర్యాపేట మిషన్ దవాఖానలో కంపౌండరుగా చేసిన రోజుల గురించి ఎవరైనా అడిగితే, బొగ్గుతో నడిచే బస్సుల దగ్గర మొదలుపెట్టి, ఎటు తిరిగినా గరిడేపల్లి ఉప్పలమ్మ దగ్గరికే వచ్చేవాడు.

ఉప్పలమ్మకు అప్పటికి ముప్పై నిండలేదు. నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. ఆమె పాట ఎత్తుకుంటే ఇరవై నడుములు ఒక్కసారే వంగేవట. 1947 ఎండాకాలంలో కుడికన్ను మసకబారిందని, కన్ను తిప్పితే గుచ్చినట్టుందని, భర్త బిక్షం బండి కట్టి తీసుకొచ్చాడు. డాక్టరు సువార్తమ్మ బెజవాడ మనిషి. ఎంత చూసినా పైకి ఏమీ దొరకలేదు. నెలన్నరకు చూపు దానంతటదే తిరిగొచ్చింది. అందరూ మరిచిపోయారు.

మరుసటి చలికాలం ఆమె కాళ్లు తిమ్మిరెక్కాయి. అప్పటికే ఊళ్లన్నీ గడబిడగా ఉన్నాయి, దారులు బందయ్యాయి. 1948 చివర్లో పట్నం సర్కారు మారి బస్సులు మళ్లీ తిరిగేసరికి ఉప్పలమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. మెడ వంచితే వెన్నులో జిల్లుమంటోందని చెప్పింది. సువార్తమ్మ మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టింది, అరికాలు గీసి చూసింది. తర్వాత చాలాసేపు లావుపాటి పుస్తకం ముందు కూర్చుని, మత్తయ్యను పిలిచింది.

"మెదడులో, వెన్నులో అక్కడక్కడా మచ్చలు పడే జబ్బయ్యా ఇది. మన దేశంలో అరుదంటారు. రోగాలతో పోరాడాల్సిన ఒంటి బలమే దారి తప్పి సొంత నరాల మీద పడుతుందేమోనని కొందరు ఈమధ్య అనుమానిస్తున్నారు. మందు లేదు. మనం చేయగలిగింది సరిగ్గా చూడటం, చూసింది రాయడం."

ఆ రోజు నుంచి మత్తయ్య రాశాడు. సువార్తమ్మ నెలకోసారి మత్తయ్యను వెంటబెట్టుకుని కోదాడ వెళ్లి రోగులను చూసేది. ఉప్పలమ్మ బండి మీద అక్కడికి వచ్చేది. జ్వరం ఎప్పుడొచ్చింది, కాలు ఎప్పుడు పట్టు తప్పింది, ఏ పూట ఎలా ఉంది, అన్నీ మత్తయ్య అడిగేవాడు. కొన్నాళ్లకు ఒకటి తేలింది. జ్వరం తగిలిన కొద్దిరోజులకే జబ్బు తిరగబెడుతోంది. ఎండ ముదిరితే కాళ్లు కూలిపోతున్నాయి, చల్లబడితే కొంచెం తేరుకుంటున్నాయి. అడగని సంగతి కూడా ఒకటి తెలిసింది. ఆమెకు కాళ్లకన్నా పెద్ద బాధ, ఆడవాళ్లు పక్కన కూర్చోవడం మానేయడం.

1949 ఎండాకాలంలో ఒకనాడు బిక్షం, అడిగి తెచ్చుకున్న సైకిలు రాత్రంతా తొక్కి, తెల్లవారకముందే దవాఖానకొచ్చాడు. పక్క తండాలోని ద్వాళి అనే లంబాడా ఆమె ఉప్పలమ్మ కాళ్లకు ఆకుపసరు రాసేది. ఆమే చేతబడి చేసిందని ఊరు అనుకుంటోంది, మళ్లీ మంత్రం పలక్కుండా పళ్లు రాలగొడతామంటున్నారు. సువార్తమ్మ ఎవరికో కాన్పు చేస్తోంది. మత్తయ్యే నోటుబుక్కు సంచిలో వేసుకుని బిక్షం వెంట తన సైకిలెక్కాడు.

వాళ్లు చేరేసరికి పొద్దున పది దాటింది. ద్వాళిని బావి దగ్గర కూర్చోబెట్టి చుట్టూ నిలబడ్డారు. మత్తయ్య నోటుబుక్కు తీసి, కన్ను మసకబారిన నాటి నుంచి జబ్బు తేదీలన్నీ చదివాడు. కన్ను మసకబారిన నెలంతా ద్వాళి మిర్యాలగూడ దిక్కు కూలికి పోయిందని ఊరందరికీ తెలుసు. అయినా పెద్దమనిషి వెంకటయ్య తల అడ్డంగా ఊపాడు.

"రాతలు ఎవలన్న రాస్తరు సారూ. చేతబడి కాకుంటే, పొద్దుగాల నడిసిన మనిషి ఎండెక్కంగనే ఎట్ల పడిపోతది?"

ఆ ప్రశ్నకు జవాబు ఎండేనని మత్తయ్యకు తెలుసు, కానీ ఒంటిని చల్లబరిచి ఎప్పుడూ చూడలేదు. ఉప్పలమ్మను మంచంతో సహా మోయించి తెచ్చి, చెట్టు నీడలో ఉంచి, కాళ్లు రాతి తొట్టిలో పెట్టించి, తడి చీరలు కప్పించాడు. బిక్షం నీళ్లు తోడుతూనే ఉన్నాడు. గంట గడిచింది.

"జర లేసి సూడు, అక్కా," అన్నాడు.

ఆమె లేచింది. కర్ర లేకుండా, మెల్లగా, నలభై అడుగులు వేసింది. ఆమె ద్వాళి పక్కకు పోయి నిలబడింది.

"సూసిన్రు గద. నా రోగం నా నరాలల్ల ఉన్నది, ద్వాళి చేతుల లేదు. మీరంత దూరం జరిగిన్నాడు నా కాళ్లు పట్టింది ఇదొక్కతే. దీన్ని ముట్టాల్నంటె ముందుగాల నన్ను ముట్టుర్రి."

వెంకటయ్య కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ఆయన వెనకే జారుకున్నారు. మధ్యాహ్నానికి కాళ్లు మళ్లీ బిగిసిపోయాయి. తాను లేని ఆశ పెట్టానేమోనని మత్తయ్య బాధపడితే, ఉప్పలమ్మే ఓదార్చింది.

ఆ వానాకాలం ఎండెక్కకముందే, తెల్లవారుజామునే నాట్లు మొదలుపెట్టారు. ఉప్పలమ్మ గట్టు మీద గొడుగు కింద తడిగుడ్డ కప్పుకుని పాట అందుకుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కన చేరారు. సువార్తమ్మ నోటుబుక్కు నకలు మద్రాసులో ఒక ప్రొఫెసరుకు పంపితే, ఇంకా రాస్తూ ఉండమని కార్డు వచ్చింది. మత్తయ్య పదకొండేళ్లు రాశాడు. ఆ రాతలు ఎవరికి పనికొచ్చాయో ఆయనకు తెలియలేదు. ఆ కోదాడ ప్రయాణాలను తలుచుకుని మాత్రం జీవితమంతా బెంగపడ్డాడు.

చివరికి ఉప్పలమ్మ చేతులు కూడా పట్టు తప్పాయి. ఆమె పోయిందని తెలిసి మత్తయ్య వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆఖరి రోజుల్లో ముద్ద కలిపి పెట్టింది ద్వాళేనని బిక్షం చెప్పాడు. ఆ సాయంత్రం ద్వాళి తన గుడిసె ముందు మత్తయ్యకు జొన్నరొట్టె పెట్టింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు.