విత్తనాల పాట పాడిన మనిషి

కోరుట్లలో సిరిసిల్ల బస్సెక్కి నా పక్కన కూర్చున్న మనిషి "రుద్రంగి ఒకటి" అని టికెట్ అడిగాడు. ఆ గొంతు వినగానే ముందు సీటులోని రైతు గిర్రున వెనక్కి తిరిగాడు.

"గా విత్తనాల కంపెనీ పాట పాడింది నువ్వే కదరా? ఆటో మైకుల నీ గొంతు ఇని నమ్మిన. ఒక్క గింజ మొలవలే."

కాలర్ పట్టి అతని తలను కిటికీ ఊచలకేసి రెండుసార్లు కొట్టాడు. నుదురు చిట్లి నా చొక్కా మీద రక్తం పడింది. నేను కదల్లేదు. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"నేనే పాడిన అన్నా. మా నాయిన గూడ నా పాట ఇనే గా విత్తనాలు ఏసిండు. అప్పటిసంది నాతోని మాట్లాడుతలేడు."

రైతు చేతులు వదిలేశాడు. రుద్రంగిలో ఆ మనిషి తువ్వాలు నుదుటికి అదుముకుని దిగిపోయాడు.

ఈ ఏడు కూడా అదే పాత రికార్డు, అదే గొంతుతో విత్తనాల ఆటో మా వీధికొచ్చింది. అడ్డంగా నిలబడి మైకు ఆపించాను.