అట్ట కింది పిల్ల

కువైట్‌లో, మా దజీజ్‌లో పార్కింగ్ దొరకదు. ఈ సంగతికీ నేను చెప్పబోయేదానికీ సంబంధం లేదు, కానీ ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి. దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. దాన్నీ పూర్తిగా నమ్మినట్టు గుర్తు లేదు.

నేను నడిపే ఫోటో ఫ్రేముల షాపు అక్కడే. లైసెన్సు నాకు వీసా ఇచ్చిన కఫీల్ పేరు మీద, తలనొప్పి నా పేరు మీద.

పోయిన ఎండాకాలం మొదట్లో ఒక కువైటీ పెద్దాయన పాత బొమ్మలు కొన్ని తెచ్చాడు. వందల ఏళ్ళ కింద యూరప్‌లో రాగిరేకు మీద చెక్కి అచ్చువేసినవి. ఓడలు కొత్త ఒడ్డుకు మొదటిసారి చేరడం, అక్కడి మనుషులు ఎదురు రావడం. చెక్కినవాడు ఆ ఒడ్డు మొహం చూడనే లేదని పెద్దాయనే చెప్పాడు. తెలుస్తూనే ఉంది. ఈకలు కట్టుకున్నవాళ్ళందరికీ ఒకటే మొహం, జిమ్‌లో పెంచిన కండలు. మా చుట్టాలు కువైట్‌ను ఊహించుకునేదీ ఇలాగే: ఒంటె, బంగారం, మధ్యలో నేను.

ఒకదాంట్లో మాత్రం ఎడమ పక్కన ఒక ఆడమనిషి వేరుగా ఉంది. ఓడను చూసి పరిగెడుతూ, వెనకబడ్డ పిల్ల కోసం చెయ్యి వెనక్కి చాపింది. పిల్ల సరిగ్గా అంచులో ఉంది.

"ఓడ నడిమధ్యకు రావాలి, ఖలాస్," అన్నాడు పెద్దాయన.

అలా రావాలంటే బొమ్మ చుట్టూ వేసే దళసరి అట్ట పిల్లను కప్పెయ్యాలి. కప్పేశాను. పిల్ల పోయేసరికి ఆ చాపిన చెయ్యి డాన్సులా కనబడింది. ఫోటో పంపితే, ఓడ వచ్చిందని ఎంత సంబరపడుతోందో చూడు అని జవాబిచ్చాడు.

మర్నాడు పొద్దున షాపు తీసేసరికి పిల్ల అట్ట కింది నుంచి బయటికొచ్చి ఉంది. బొమ్మ కుడికి జరిగింది. ఓడ సగం అట్ట కిందికి పోయింది. ఫ్రేము వెనక అంటించిన కాగితం చిరగలేదు. తాళం నా ఒక్కడి దగ్గరే ఉంటుంది. జారితే కిందికి జారాలి గానీ పక్కకు జారడానికి నేను చదివిన ఫిజిక్స్ ఒప్పుకోదు.

విప్పి సరిచేశాను. మళ్ళీ జరిగింది. ఈసారి నాలుగు పక్కలా టేపు వేశాను. పాత కాగితానికి అలా వెయ్యకూడదు. తెల్లారేసరికి టేపు ఎక్కడా ఊడలేదు, పిల్ల మాత్రం బయటే ఉంది.

ఆ రోజుల్లో ఇంట్లో ఒక విషయం నలుగుతోంది. మా పాప కరీంనగర్‌లో వాళ్ళ పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది. బడులు తెరిచేలోపు తెచ్చుకుందామని మా ఆవిడ సునీత. ఇక్కడ రిగ్గైలో మాది ఒకటే గది, అందులో జాగ ఎక్కడిది, ఇంకో ఏడాది చూద్దామని నేను. పోయిన ఏడూ ఇదే అన్నాను, మాటలైనా మార్చలేదు. ఆ వారమే సునీత ఫోన్ చేస్తే పాప ఎత్తి, "అమ్మ స్నానం చేస్తున్నది, మళ్ళ చెయ్యి," అని పెట్టేసింది. అమ్మంటే వాళ్ళ పెద్దమ్మ. సునీత ఫోన్ చార్జింగ్‌కు పెట్టి డ్యూటీకి వెళ్ళింది.

చివరికి నేనే ఓడిపోయి, పిల్ల కనబడేలా కొత్త అట్ట కోశాను. ఓడ ఒక పక్కకు పోయింది. బొమ్మ మళ్ళీ కదల్లేదు. పెద్దాయన గొణుక్కుంటూనే తీసుకెళ్ళాడు, ఎగైలాలో ఆయన గోడ మీద ఇప్పటికీ అలాగే ఉంది. ఎందుకు జరిగిందో, ఎందుకు ఆగిందో నాకు ఇవాళ్టికీ తెలీదు.

ఆయన తీసుకెళ్ళడానికి ముందు, శుక్రవారం మధ్యాహ్నం సునీత టిఫిన్ డబ్బాతో షాపుకొచ్చింది. ఇదంతా నవ్వొచ్చేలాగే చెప్పాను, టేపు, తాళం, ఫిజిక్స్ అన్నీ కలిపి. ఆమె నవ్వలేదు. అద్దం మీద వేలు పెట్టి, ఆ ఆడమనిషి చేతి నుంచి పిల్ల దాకా జరిపింది. తర్వాత వేలిముద్రను చున్నీతో తుడిచింది.

"బొమ్మల ఉన్న పిల్లకైతే జాగ చేసినవ్," అంది.