మూడుసార్లు కడిగిన కార్జం

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది, తెల్లకోటు తొడుక్కున్న మనిషికి తెలియనిది లోకంలో ఉండదని. ఆ నమ్మకం ఎవరు కలిగించారో గుర్తులేదు కానీ, పోగొట్టింది మాత్రం మా ల్యాబు పెద్దసారు. ఆ మేలు మరిచిపోకూడదనే ఇది రాస్తున్నాను.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. ఫిషింగ్ హార్బరు వెనక వీధిలో ఉండేవాళ్ళం. చేపల బుట్ట మోసి మోసి మెడ పట్టేస్తే, సిటీలో ఒక ల్యాబులో అటెండరు పని ఉందని మా వదిన చెప్పింది. సీసాలు కడగడం, టీ అందించడం. "ఎంతవరకు చదివావు?" అని పెద్దసారు అడిగితే "ఐదు" అన్నాను. ఆయన ఐదో తరగతి అని రాసుకున్నారు. పెద్దవాళ్ళు రాసుకున్నదాన్ని మనం దిద్దకూడదు కదా, ఊరుకున్నాను.

అక్కడ ఏం చేస్తారో నాకు కళ్ళద్దాల పాప చెప్పింది. ఆమె పరిశోధన చేసే అమ్మాయి, సబ్బవరం అవతల రైతుల పిల్ల. మన ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయట. వాటిలో ఒక ఎంజైము, మనిషి తాగిన సారాలోంచి పుట్టే విషాన్ని విరగ్గొట్టి పంపేస్తుందట. (మా వీధి మగాళ్ళ కడుపులో అది మూడు షిఫ్టులూ డ్యూటీ చేస్తోందని నాకు అప్పుడు అర్థమైంది.) పాప దగ్గర నలభై రకాల పొడులున్నాయి. ఏది ఆ ఎంజైముని పరిగెత్తిస్తుందో, ఏది కూలబెడుతుందో తేల్చాలి. మేక కార్జంలో ఆ ఎంజైము దండిగా ఉంటుంది కాబట్టి, వారానికి రెండుసార్లు తాజా కార్జం ఐసులో పెట్టి తేవాలి. మొదట్లో పాపే స్కూటీ మీద తెచ్చుకునేది, పని బాగానే నడిచేది. మా అన్నయ్య హార్బరులో ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడని తెలిశాక ఆ బాధ్యత నాకిచ్చారు. ఎలా తేవాలో పాప ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చింది. నేను దాన్ని గంభీరంగా చూసి, తలూపి, పర్సులో దాచుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున మా వీధి చివర మాంసం కొట్లో కార్జం కొన్నాను. నెత్తురోడుతోంది. చదువుకున్నవాళ్ళ బల్ల మీదకి వెళ్ళే వస్తువు, అలా పట్టుకెళితే నా పరువేం కావాలి? ఇంటికి తెచ్చి, కొళాయి కింద పెట్టి, రాళ్ళుప్పు, పసుపు పట్టించి మూడుసార్లు కడిగాను. ముత్యంలా తయారైంది. ఐసులో పెట్టి బస్సెక్కాను. పెట్టె తెరిచి పాప "భలే శుభ్రంగుంది అక్కా, ఏ కొట్లోది?" అంది. "మా వీధిదే పాపా" అని పొంగిపోయాను.

ఆ రోజు నుంచి ఎంజైము పడకేసింది. ఏ పొడి వేసినా కదలదు. ఏ పొడీ వెయ్యని గొట్టంలోనూ కదలదు. గొట్టంలోంచి వెలుగు పంపి కొలిచే యంత్రం నోటికొచ్చిన అంకెలు చెబుతోంది. ఇక పెద్దసారు మేధస్సు మేలుకుంది. ముందు కరెంటుని అనుమానించారు, ఎలక్ట్రీషియను వచ్చి ప్లగ్గులన్నీ విప్పాడు. తర్వాత నీళ్ళని అనుమానించారు. తర్వాత పోర్టు నుంచి వచ్చే బొగ్గుదుమ్ముని, సముద్రపు గాలిని అనుమానించి కిటికీలకి టేపు వేయించారు. (లోపల అందరం ఉడికిపోయాం, ఎంజైము మాత్రం చలించలేదు.) గొట్టంలో పచ్చటి ఛాయ కనబడితే "పైత్యరసం! ఈ మేకలకి పైత్యం ఎక్కువ" అని తేల్చి, మేకల మేత మీద ఒక ఉపన్యాసం ఇచ్చారు. మూడు వారాలు ఇలా గడిచాయి. కరెంటునీ నీళ్ళనీ గాలినీ మేకనీ అడిగారు. కార్జం తెచ్చే మనిషిని ఒక్కమాట అడగాలని ఆ మహానుభావులకి ఎవరికీ తోచలేదు.

ఈలోగా పాప సగమైపోయింది. పని చూడటానికి బయటి నుంచి ఇద్దరు పెద్దలు వస్తున్నారు. ఎంజైము పనిచేస్తున్నట్టు చూపించకపోతే స్కాలర్‌షిప్పు ఆపేస్తారు, నాలుగేళ్ళ కష్టం వదిలేసి ఊరెళ్ళిపోవాలి. "నా సేతిలోనే ఏదో తేడా ఉందేటో అక్కా" అని కళ్ళు తుడుచుకునేది. నేను ఓదార్చేదాన్ని, ఇంకాస్త శ్రద్ధగా కార్జం కడిగేదాన్ని.

పెద్దలు రానే వచ్చారు, ఒక సారు, ఒక పెద్దమేడమ్. నేను టీ పట్టుకెళ్ళేసరికి మా పెద్దసారు చెబుతున్నారు: "కరెంటు చూశాం, నీళ్ళు చూశాం. చివరికి తేలిందేమిటంటే మేకల్లో పైత్యరసం ఎక్కువ, ఈ అమ్మాయి చేతిలో నైపుణ్యం తక్కువ. గడువు పెంచడం అనవసరం." పాప తల దించుకుని నిలబడింది.

నాకు ఒళ్ళు మండింది. పాప కోసమే కాదు, నా కార్జం కోసం కూడా. "పైత్యం ఏటి సారూ!" అన్నాను ట్రే బల్ల మీద పెట్టేసి. "పైత్యం తిత్తి నానే దగ్గరుండి కోయించి పారేయించినాను. అది పసుపు."

"పసుపా?"

"ఉప్పూ పసుపూ ఏసి మూడుసార్లు కడిగినాను. కావాలంటే వాసన సూడండి, నీసు ఉంటే నన్నడగండి."

"ఎవరు కడగమన్నారు నిన్ను?" అని పెద్దసారు అరిచారు.

"కడగకండా ఎవులైనా తెత్తారా సారూ? మీ ఇంట్లో అలగే వండుతారేటి?"

పెద్దమేడమ్ టీ కప్పు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. "మా ఇంట్లో నేనూ అలాగే కడుగుతానమ్మా" అన్నారు. తర్వాత పాపవైపు తిరిగి, "రేపు కడగని కార్జంతో చేసి చూపించు. అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు.

బయటకి రాగానే పాప నా చెయ్యి పట్టుకుంది. "కడగొద్దని కాగితంలో రాసినాను కదక్కా!" నేను పర్సులోంచి మడత చెక్కుచెదరని కాగితం తీసి ఇచ్చాను. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఐదు సదివినావన్నారు?"

"ఐదు రోజులు పాపా. ఆరో రోజు మాయమ్మ సేపలకి ఎట్టుకుపోనాది."

తిడుతుందనుకున్నాను. "సారుకి సెప్పకు" అంది అంతే.

మర్నాడు కొట్టు నుంచి ల్యాబుదాకా పాప నా పక్కనే పోలీసులా కూర్చుంది. నెత్తురోడే కార్జం ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళుతుంటే నాకు ప్రాణం పోయినట్టయింది. కానీ ఆ ముష్టి కార్జంలో ఎంజైము లేచి కూర్చుంది. పదిహేడో పొడి వేస్తే పరుగే పరుగు. పాపకి గడువు దక్కింది. "నేను మొదటి నుంచీ పసుపునే అనుమానిస్తున్నాను" అన్నారు పెద్దసారు. పెద్దమేడమ్ మాట మీద పసుపుని నలభై ఒకటో పొడిగా చేర్చారు. అది ఎంజైముని కూలబెట్టిందా, లేక తన రంగుతో యంత్రం కళ్ళకి గంతలు కట్టిందా అన్నది తేల్చడానికి పాపకి కొన్ని నెలలు పట్టింది. రెండూ కొంచెం కొంచెం అని తేలింది.

ఆ నెలల్లోనే, కార్జం రసాన్ని గిరగిరా తిప్పే యంత్రం ఆగేదాకా, పాప నాకు అక్షరాలు దిద్దించింది. ఇప్పుడామె వేరే ఊళ్ళో పాఠాలు చెబుతోంది, నేను పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి అందరినీ విసిగిస్తున్నాను. అయినా ఒక్కోసారి, చదువుకున్నవాళ్ళ ముందు మాట పడకూడదని చీకటితో లేచి, కొళాయి దగ్గర గొంతుకూర్చుని, కార్జం మీద మూడోసారి నీళ్ళు పోస్తున్న ఆ మనిషి గుర్తొస్తుంది. తిట్టబుద్ధి కాదు. పరిశోధన పాడుచేస్తే చేసింది కానీ, ఎంత బాగా కడిగిందో!